అహ్మదాబాద్ టేపులు



ప్రయోగ సంగీతం అనగానే అదేదో పారిస్‌లోనో న్యూయార్క్‌లోనో పుట్టిన వ్యవహారమనీ, మనకూ దానికీ సంబంధం లేదనీ చాలామంది అనుకుంటారు. ఆ అభిప్రాయాన్ని మార్చుకోవలసిన సంగతి ఒకటి 2023లో లండన్ నుంచి బయటికొచ్చింది. అక్కడి స్టేట్51 అనే స్వతంత్ర సంగీత సంస్థ 'ది ఎన్.ఐ.డి. టేప్స్' పేరుతో ఒక రికార్డు విడుదల చేసింది. అందులో ఉన్నదంతా 1969కీ 1972కీ మధ్య మన అహ్మదాబాద్‌లో తయారైన ఎలక్ట్రానిక్ సంగీతం. ఎన్.ఐ.డి. అంటే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్. కుర్చీ నుంచి పుస్తకం అట్ట దాకా వస్తువుల రూపకల్పన నేర్పే సంస్థ. అక్కడ ఒక గదిలో కూర్చుని కొందరు భారతీయులు, అంతవరకూ ఏ వాద్యమూ పలకని ధ్వనుల కోసం వెతికారు. వెతికినదాన్ని స్పూల్ టేపుల మీదికి ఎక్కించారు. ఆ తర్వాత దాదాపు అర్ధ శతాబ్దం పాటు ఆ టేపులను పట్టించుకున్నవాళ్లు లేరు.

ఈ కథ మాత్రం అంతకంటే చాలా ముందే, 1946లో మొదలైంది. అహ్మదాబాద్ మిల్లు యజమానుల కుటుంబంలో పుట్టిన గీతా సారాభాయ్ ఆ ఏడాది న్యూయార్క్ వెళ్లారు. అంతరిక్ష శాస్త్రవేత్త విక్రమ్ సారాభాయ్ చెల్లెలు ఆమె. ఆడపిల్లలు పఖవాజ్ ముట్టుకోవడమే అరుదైన కాలంలో పఖవాజ్ నేర్చుకున్న మనిషి. పాశ్చాత్య సంగీతం వచ్చి మన సంగీతాన్ని మింగేస్తుందేమో అన్న దిగులు ఆమెకుండేది. దూరం నుంచి తిట్టుకుంటూ కూర్చోకుండా, అసలు ఆ సంగీతమేమిటో తెలుసుకుందామని బయల్దేరారు. అక్కడ జాన్ కేజ్ అనే యువ స్వరకర్త పరిచయమయ్యారు. ఫీజు మాట లేదు. ఆయన ఆమెకు పాశ్చాత్య సంగీతం చెప్పాలి, ఆమె ఆయనకు భారతీయ సంగీతం చెప్పాలి. అదీ ఒప్పందం.

కేజ్ ఆమెను ఒక ప్రశ్న అడిగారు. మీ గురువు దృష్టిలో సంగీతం దేనికి? మనసును నెమ్మదింపజేసి, దైవానికి చోటిచ్చే స్థితికి తేవడానికి అన్నది ఆమె చెప్పిన జవాబు. మన ఊళ్లలో ఏ భజన మండలిలో కూర్చున్న పెద్దాయనైనా చెప్పగలిగిన మాటే. కేజ్‌కు మాత్రం అది జీవితాన్ని మలుపు తిప్పిన మాటయింది. ఆ తర్వాత జీవితాంతం దాన్ని గుర్తు చేసుకుంటూనే ఉన్నారు. తిరిగి ఇండియాకు వచ్చేటప్పుడు గీత ఆయన చేతిలో రామకృష్ణ పరమహంస ప్రవచనాల పుస్తకం పెట్టి వచ్చారు. ఆనంద కుమారస్వామి రచనలు చదివి కేజ్ నవరసాల గురించి తెలుసుకున్నారు. 1946 నుంచి 1948 వరకు ఆయన రాసిన 'సొనాటాస్ అండ్ ఇంటర్‌లూడ్స్' అనే రచనకు ఆధారం మన రస సిద్ధాంతమే. అందులో 20 చిన్న ఖండాలున్నాయి. వాయించేది పియానో మీదే, కానీ వాయించే ముందు 45 స్వరాల తీగల మధ్య మరలు, బోల్టులు, రబ్బరు ముక్కలు దూర్చాలి. ఒక్కొక్క దాన్ని తీగ మీద ఎంత దూరంలో పెట్టాలో కూడా పట్టికలో రాసి ఉంటుంది. అలా సిద్ధం చేసిన పియానో ఒక మెట్టు మీద మద్దెలలా, ఇంకో మెట్టు మీద చిరుగంటలా పలుకుతుంది. ఒక్క మనిషి, ఒక్క వాద్యం. చెవికి వినిపించేది మాత్రం ఒక బృందం.

1952 ఆగస్టు 29న అమెరికాలోని వుడ్‌స్టాక్ దగ్గర ఒక కచేరీలో కేజ్ రచన ఇంకొకటి మొదటిసారి ప్రదర్శించారు. డేవిడ్ ట్యూడర్ అనే పియానో విద్వాంసుడు వచ్చి కూర్చుని, మూత మూసి, గడియారం చూసుకున్నారు. 4 నిమిషాల 33 సెకన్ల పాటు ఒక్క మెట్టు కూడా నొక్కలేదు. మూడు భాగాల ఆ రచనలో ఒక్కో భాగం మొదట్లో మూత మూయడం, చివర్లో తెరవడం, అంతే. వెనక వైపు అడవిలోకి తెరుచుకున్న హాలు అది. చెట్ల మీద గాలి, కప్పు మీద చినుకులు, విసుగెత్తి లేచిపోయేవాళ్ల గుసగుసలు. సభలో ఆ కాసేపు ఉన్న సంగీతం అదే. దీన్ని వేళాకోళంగా చెప్పుకునేవాళ్లు లోకమంతా ఉన్నారు. మనసు నెమ్మదించడం గురించి ఒక భారతీయ స్త్రీ చెప్పిన మాటను పట్టుకుని ఆరేళ్లు నడిచిన మనిషి చేరుకున్న చోటు ఇదని తెలిస్తే, వేళాకోళం చేయబుద్ధి కాదు.

ఆ ట్యూడర్ పేరు గుర్తుంచుకోండి. 1964లో నాట్యకారుడు మెర్స్ కనింగ్‌హామ్ బృందంతో కలిసి కేజ్, ట్యూడర్ ఇద్దరూ ప్రపంచ యాత్రలో అహ్మదాబాద్ వచ్చారు. ఆతిథ్యం సారాభాయ్‌లదే. 1961లో ఎన్.ఐ.డి.ని నిలబెట్టినవారు కూడా ఆ కుటుంబంలోనివారే, గౌతమ్, గీరా సారాభాయ్‌లు. 1969లో ట్యూడర్ మళ్లీ వచ్చారు. ఈసారి ఎన్.ఐ.డి.లో ఒక మోగ్ సింథసైజర్‌ను అమర్చి, నడపడం నేర్పడానికి.

ఆ యంత్రం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఇప్పుడు మనం చూసే కీబోర్డు లాంటిది కాదది. అమెరికాలో రాబర్ట్ మోగ్ అనే ఇంజనీరు 1964లో దాని తొలి నమూనా తయారు చేశారు. ఎత్తయిన చెక్క పెట్టె, దాని ముఖం నిండా బొత్తాలు, రంధ్రాలు, వాటి మధ్య వేలాడే వైర్లు. పాత టెలిఫోన్ ఎక్స్‌ఛేంజి బోర్డు చూసినవాళ్లకు వెంటనే పోలిక తడుతుంది. ఆసిలేటర్ అనే భాగం కరెంటు కంపనంతో నాదం పుట్టిస్తుంది. ఫిల్టర్ ఆ నాదంలో కొంత కోసేసి రంగు మారుస్తుంది. ఇంకో భాగం, ఆ ధ్వని ఎంత వేగంగా లేవాలో, ఎంత నెమ్మదిగా ఆరిపోవాలో నిర్ణయిస్తుంది. ఏ భాగం నుంచి ఏ భాగానికి వైరు కలపాలో వాయించేవాళ్ల ఇష్టం. వైరు మార్చారా, వాద్యమే మారిపోతుంది. నిన్న దొరికిన ధ్వని ఇవాళ మళ్లీ కావాలంటే, ప్రతి వైరూ, ప్రతి బొత్తం నిన్న ఎక్కడున్నాయో కాగితం మీద రాసుకుని ఉండాలి. అప్పుడు కూడా అచ్చంగా అదే వస్తుందన్న భరోసా లేదు. గది వేడెక్కితే ఆసిలేటర్ల శ్రుతి జారిపోయేది మరి.

శ్రుతిని నడిపేది వోల్టేజి. ఒక వోల్టు పెంచితే మధ్య షడ్జం తార షడ్జమవుతుంది. ఆ రెండింటి మధ్య ఎక్కడైనా ఆగొచ్చు, ఎంత నెమ్మదిగానైనా జారొచ్చు. మన సంగీతం తెలిసినవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. హార్మోనియం మెట్ల మధ్య జారు పలకదు, గమకం పలకదు. ఆ కారణంతోనే 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించింది. 1971 దాకా ఆ నిషేధం నడిచింది. సరిగ్గా ఆ నిషేధం చివరి రోజుల్లోనే, అహ్మదాబాద్‌లో ఒక గదిలో, మెట్ల బెడద లేని వాద్యం ఒకటి మన సంగీతకారుల చేతికి అందింది. ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు తక్కువ. మన రాగాలకు పడమటి యంత్రాల్లో ఏదైనా సరిపోతుందంటే అది ఇదేనని నా నమ్మకం.

ఆ గదిలో పనిచేసినవాళ్లలో గీతా సారాభాయ్ ఉన్నారు, ఐ.ఎస్.మాథుర్ ఉన్నారు, అతుల్ దేశాయ్, ఎస్.సి.శర్మ, జిన్‌రాజ్ జోషీపురా ఉన్నారు. జోషీపురాకు అప్పటికి ఇంకా 20 ఏళ్లు నిండలేదు. రోదసిలోకి నౌకాయానం చేస్తే చెవికి ఎలా ఉంటుందో ఊహించి 'స్పేస్ లైనర్ 2001' అనే రచన చేశారు. శర్మ చేసిన నృత్య సంగీతం వింటే, పదిహేనేళ్ల తర్వాత అమెరికా డాన్సు హాళ్లలో మోగబోయే యంత్రాల లయ అప్పుడే అడుగులు వేస్తున్నట్టుంటుంది. ట్యూడర్ చేసిన భాగాలు వేరే దారి. యంత్రం నుంచి బయటికొచ్చిన ధ్వనిని మళ్లీ యంత్రంలోకే పంపి, అది తనంతట తాను ఏమవుతుందో చూడడం. చెవికి ఇంపుగా ఉంటుందని నేను చెప్పను. కొన్ని చోట్ల కర్ణకఠోరం. అయినా ప్రతి ముక్కలోనూ ఒక మనిషి చెవి రిక్కించి వెతుకుతున్న జాడ తెలుస్తుంది. నాకు అది చాలు.

1972 తర్వాత ఆ పని ఆగిపోయింది. టేపులు అటకెక్కాయి. పాల్ పర్గాస్ అనే లండన్ కళాకారుడు, ఆయనా ఎలక్ట్రానిక్ సంగీతకారుడే, ఎన్.ఐ.డి. భాండాగారంలో వాటిని వెతికి పట్టుకున్నారు. 27 రీళ్లు. వాటి కథతో 2020లో బీబీసీ రేడియో 3కి ఒక కార్యక్రమం చేశారు. ఆ తర్వాతే రికార్డు. మన ఇంట్లో ఉన్న సొమ్ము గురించి మనకు పరాయి దేశపు రేడియో చెప్పింది. పర్గాస్‌కు మనం కృతజ్ఞత చెప్పాలి. అదే సమయంలో, ఇన్నేళ్లూ వాటిని మనలో ఎవరమూ ఎందుకు అడగలేదన్న ప్రశ్న కూడా వేసుకోవాలి.

ఇలా జరగడం ఇదొక్కసారే కాదు. బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ అనే వాద్యకారుడుండేవారు. హిందీ సినిమా పాటల రికార్డింగుల్లో గిటారు వాయించేవారు. 1982లో హెచ్.ఎం.వి. కోసం ఆయన సొంతంగా ఒక రికార్డు చేశారు. డిస్కో తాళానికి 10 రాగాలు. వాడినవి మూడే యంత్రాలు, మూడూ జపాన్‌లో రోలాండ్ కంపెనీ చేసినవి. అందులో టీబీ-303 అనేది, తోడుగా బేస్ గిటారు వాయించే మనిషి దొరకని గిటారు వాద్యకారుల కోసం ఉద్దేశించిన చిన్న పెట్టె. బేస్ గిటారులా అది పలకనే లేదు. కొనేవాళ్లు తక్కువై కంపెనీ 1984కల్లా తయారీ మానేసింది. కానీ అందులో ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే ఏర్పాటు ఒకటుంది. రాగం తెలిసిన చరణ్‌జిత్ సింగ్ దాన్ని పట్టుకున్నారు. మాల్‌కౌన్స్ వాయించారు, అంటే మన హిందోళం. భూపాలి వాయించారు, మన మోహన. యమన్ వాయించారు, మన కల్యాణి.  ఆ రికార్డు అప్పట్లో అమ్ముడుపోలేదు. అయిదేళ్ల తర్వాత, 1987లో, షికాగోలో నల్లజాతి యువకులు అదే టీబీ-303ని పాత సామాన్ల ధరకు కొని, దాని బొత్తాలు తిప్పి 'యాసిడ్ హౌస్' అనే కొత్త బాణీని పుట్టించారు. వాళ్లకు చరణ్‌జిత్ సింగ్ పేరు కూడా తెలియదు. ఇద్దరూ విడివిడిగా అదే పెట్టెలో అదే గుణాన్ని కనిపెట్టారు. 2002లో హాలండ్‌కు చెందిన ఒక రికార్డుల సేకర్త ఢిల్లీలో ఆ పాత రికార్డు సంపాదించి, 2010లో మళ్లీ ముద్రించారు. 70 ఏళ్ల వయసులో చరణ్‌జిత్ సింగ్‌ను యూరప్ కచేరీలకు పిలిచారు. 2015లో ఆయన కన్నుమూశారు. ఆ గౌరవం ఆయన కళ్లతో చూసుకోగలిగారు, అంతవరకు సంతోషం.

కేజ్ గురించి చెప్పాను కనుక ఇంకో వార్త కూడా చెబుతాను. జర్మనీలో హాల్బర్‌స్టాట్ అనే చిన్న పట్నం. అక్కడి సెయింట్ బుర్కార్డీ చర్చి తూర్పు జర్మనీ రోజుల్లో పందుల దొడ్డిగా కూడా ఉండేది. అక్కడ ఇప్పుడు కేజ్ రచన ఒకటి ఆర్గన్ మీద మోగుతోంది. ఎంత నెమ్మదిగా వీలైతే అంత నెమ్మదిగా వాయించమని కేజ్ రాసిపెట్టారు. ఎంత నెమ్మదిగా అంటే? ఆ ఊరి పెద్ద చర్చిలో 1361లో ఒక ప్రసిద్ధమైన ఆర్గన్ కట్టారు. 2000 నాటికి దానికి 639 ఏళ్లు. కాబట్టి ఈ వాయింపు కూడా 639 ఏళ్లు సాగాలన్నారు. 2001 సెప్టెంబరు 5న మొదలుపెట్టారు. రచన మొదట్లోనే విరామం ఉంది కనుక, మొదటి 17 నెలలూ గాలి తిత్తుల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. 2003 ఫిబ్రవరి 5న మొదటి స్వరాలు పలికాయి. మెట్లు నొక్కి ఉంచడానికి మనుషులు లేరు, చిన్న ఇసుక సంచులు వేలాడుతుంటాయి. స్వరం మారే రోజున ప్రపంచం నలుమూలల నుంచీ జనం వచ్చి చర్చిలో నిలబడతారు. 2024 ఫిబ్రవరి 5న ఒకసారి మారింది. ఆ తర్వాతి మార్పుకు 2026 ఆగస్టు 5 అని నిర్ణయించారు. పూర్తయ్యేది 2640లో. ఇంత దీర్ఘకాలం ఒక శ్రుతిని నిలబెట్టే బాధ్యత ఒక ఊరు నెత్తికెత్తుకోవడం నాకు గొప్పగా అనిపిస్తుంది. ఆ ఊరికి దక్కిన రచన వెనకా, దూరంగానే అయినా, గీతా సారాభాయ్ చెప్పిన ఆ మాట ఉంది.

రేడియోలో కూర్చుని మాట్లాడుతున్నాను కనుక ఒక రుణం తీర్చుకోవాలి. ఈ ప్రయోగాలు చాలావరకు రేడియో కేంద్రాల్లోనే మొలకెత్తాయి. 1944లో కైరోలో హలీమ్ ఎల్ దబ్ అనే యువకుడు రేడియో స్టేషను నుంచి తీగ మీద ధ్వని ముద్రించే యంత్రం అరువు తెచ్చుకుని, జార్ అనే క్రతువులో ఆడవాళ్లు పాడే పాట రికార్డు చేశారు. తర్వాత స్టేషనులోనే కూర్చుని, అసలు గొంతు తీసేసి దాని అనుస్వరాలను మాత్రం మిగిల్చారు. నాలుగేళ్ల తర్వాత ఫ్రెంచి రేడియోలో పనిచేసే పియెర్ షెఫర్ రైలింజన్ల చప్పుళ్లు రికార్డు చేసి, వాటితో సంగీతం కూర్చి ప్రసారం చేశారు. మన ఆకాశవాణి సంగతి? ద్రాక్షారామంలో పుట్టిన వైణికుడు ఈమని శంకరశాస్త్రి ఆకాశవాణి వాద్యబృందం కోసం 'ఆదర్శ శిఖరారోహణం' కూర్చారు. ఆయన శిష్యుడు, కాకినాడ చిట్టిబాబు, వీణ తీగ మీద కోయిలను కూయించారు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ అయిదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద త్యాగయ్యను పలికించి, 1995లో కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో కలిసి 'డ్రీమ్' అనే ఆల్బమ్ చేశారు. వీళ్లను మనం సంప్రదాయ విద్వాంసులుగానే గుర్తుపెట్టుకున్నాం. అది సరే. వాళ్ల ప్రయోగబుద్ధిని కూడా అంతే గర్వంగా చెప్పుకోవలసింది.

ఇక మీతో ఒక పని ఉంది. మన జిల్లాల్లో రేడియో నిలయ కళాకారుల ఇళ్లలో, నాటక సమాజాల పెట్టెల్లో, హరికథ, బుర్రకథ బృందాల వారసుల దగ్గర స్పూల్ టేపులు, క్యాసెట్లు ఇంకా ఉన్నాయి. 1970ల నాటి టేపుల్లో కొన్నింటికి, ఫిల్ము మీద పూసిన పదార్థాన్ని పట్టి ఉంచే జిగురు గాలిలో తేమ పీల్చి పాడవుతుంది. అలాంటి టేపును పాత మెషీన్‌లో పెట్టి తిప్పితే హెడ్‌కు అంటుకుని, పూత రాలిపోతుంది. పూతతో పాటే పాటా పోతుంది. దాన్ని కాపాడాలంటే తెలిసినవాళ్లు తగుపాటి వేడిలో గంటల తరబడి ఆరబెట్టి, వెంటనే కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవాలి. ఇంట్లో ప్రయత్నించవద్దు.

కాబట్టి మీ దగ్గర అలాంటి టేపు ఉంటే, పాత ఇనుప సామాన్లవాడికి వేయకండి. వినాలనిపించినా ముందుగా తిప్పకండి. అట్టపెట్టె మీద రాత ఉంటే చెరపకండి, లేకపోతే మీకు తెలిసినంతలో పాడినవారి పేరు, ఊరు, ఏడాది ఇప్పుడే రాసిపెట్టండి. స్పీకర్లకు దూరంగా, తడి తగలని చోట నిలువుగా నిలబెట్టండి. ఆ పని తెలిసినవారితో డిజిటల్ ప్రతి తీయించి, రెండు వేర్వేరు చోట్ల ఉంచండి. మీ పక్కింట్లో ఉంటే వాళ్లకూ చెప్పండి. వచ్చే వర్షాకాలం రాకముందే చూడండి.